ఆఖరి పేజీ అడుగున చిరునామా

నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చిన కొత్తలో కంఠతా వచ్చేసిన మొదటి వాక్యం మా ఊరి వారపత్రిక ఆఖరి పేజీ అడుగున ఉండేది. పత్రిక మొత్తంలో అన్నిటికంటే చిన్న అక్షరాలు అవే. ఫలానా వారిచే, ఫలానా వీధిలోని ఫలానా ప్రెస్సులో ముద్రింపబడి ప్రకటింపబడినది అని. పైన వార్తలు వారం వారం మారేవి. అది మాత్రం మారేది కాదు. అందులో మా వీధి పేరు ఉండేది. మా వీధి పేరు అచ్చులో చూసుకుంటే అప్పట్లో నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

ఆ వాక్యం ఎవరో ముచ్చటపడి వేసింది కాదని చాలా ఏళ్ళకు తెలిసింది. 1867లో తెల్లదొరలు తెచ్చిన ప్రెస్ అండ్ రిజిస్ట్రేషన్ ఆఫ్ బుక్స్ చట్టం ప్రకారం, అచ్చు వేసింది ఎవరో, ఎక్కడ వేశారో కాగితం మీద చెప్పి తీరాలి. పత్రిక పెట్టదలచినవాళ్ళు మేజిస్ట్రేటు ముందు డిక్లరేషన్ ఇవ్వాలి. అచ్చు వేసే చోటు మారితే మళ్ళీ కొత్త డిక్లరేషన్. తేడా వస్తే ఏ తలుపు తట్టాలో సర్కారుకు తెలియాలి కదా, అందుకు. ఆ చట్టం స్థానంలో కొత్తది 2023లో గానీ రాలేదు. నిఘా కోసం పెట్టిన నియమమే అయినా దానివల్ల ఒక మేలు జరిగింది. ఎంత చిన్న ఊరి పత్రికైనా సరే, సంచికలు వరసగా దొరికితే చాలు, అది ఏ ఇంట్లో పుట్టిందో, ఏ ఇంటికి మారిందో, ఎప్పుడు ఎవరి చేతికి పోయిందో ఆఖరి పేజీల్లోంచే చదువుకోవచ్చు.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, ఆ ప్రెస్సు ఉన్న మేడ అమ్మకానికి వచ్చింది.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. మహేంద్రతనయ ఒడ్డున ఉన్న ఊరు. కాస్త దూరం వెళితే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. మా ఊరి బజారులో బేరం తెలుగులో మొదలై ఒడియాలో తెగుతుంది. మేడ వారసులు ఎప్పుడో విశాఖపట్నంలో స్థిరపడ్డారు. కింద వాటాలో సెల్‌ఫోన్ల దుకాణం, పైన ఎవరూ లేరు. గోడల్లో రావి మొక్కలు లేచాయి. కొనేవాళ్ళు కూలగొట్టి కాంప్లెక్స్ కడతారని అందరికీ తెలుసు. మొన్న ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం నాడు మావాళ్ళంతా కూర్చున్నప్పుడు ఈ మాట వచ్చింది. మేడను ఎలాగైనా నిలబెట్టాలి, కుదరకపోతే కనీసం ఆ చోట ఒక రాతిపలక పెట్టాలి, దాని మీద ఒడిశాలో తెలుగు పత్రిక వెలిగిన ఇల్లు అని చెక్కించాలి అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేకపోయాను. ఆ రోజు నోరు పెగల్లేదు, అందుకని ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఆ మేడ లోపల ఏముండేదో చెప్పాలి.

వీధి గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు గాంధీగారి పటం. సంపాదకుడు, యజమాని, ప్రకటనలు పట్టుకొచ్చేది, చందాలు వసూలు చేసేది అన్నీ ఒక్కరే. మాకు దూరపు చుట్టం, వరసకు తాత. మేం పెద్దతాత అనేవాళ్ళం. ఊళ్ళో పెద్దమనుషులు వచ్చి కూర్చునేది ఆ గదిలోనే. ఆ మేడను తలుచుకునేవాళ్ళందరికీ గుర్తున్నదీ ఆ గదే. కానీ పత్రిక తయారయ్యేది దాని వెనక గదిలో. అక్కడ పగలు కూడా లైటు వేసి ఉండేది. సిరా వాసన, కిరసనాయిలు వాసన. ఒక మూల కాలితో తొక్కే ట్రెడిల్ మెషిను. అది నడుస్తుంటే పక్కింటి గోడ కూడా అదిరేది. మరో మూల కాగితం కట్టలు. నౌపడా నుంచి వచ్చే చిన్న రైలు ఉండేది మాకు. రాజావారు వేయించిన నేరో గేజి లైను, 1900లో మొదలైంది, 1931 నాటికి గుణుపురం దాకా వెళ్ళింది. కాగితం కట్టలు ఆ రైల్లోనే దిగేవి. స్టేషను నుంచి రిక్షాలో వస్తుంటే, వాన పడితే పెద్దతాత తన గొడుగు కట్టల మీద పట్టి తాను తడుస్తూ నడిచి రావడం నా కళ్ళతో చూశాను.

మిగతా గదంతా కేసులు. వాలుగా నిలబెట్టిన చెక్క పళ్ళేలు, వాటిలో గళ్ళు, గళ్ళలో సీసం అక్షరాలు. తెలుగు అచ్చు కూర్చడం అంటే మాటలు కాదు. ఇంగ్లీషుకు ఉన్నట్టు ఇరవయ్యారు అక్షరాలు, పెద్దవీ చిన్నవీ వేసుకుంటే సరిపోదు. గుణింతాలు, వత్తులు, వత్తులకు మళ్ళీ గుణింతాలు కలిసి వందల గళ్ళు కావాలి. కంపోజిటరు నిలబడిన చోటి నుంచి కదలకుండా చేయి చాపితే ఏ వత్తు ఏ గడిలో ఉందో వేలికి తెలియాలి. ఎడమచేతిలో స్టిక్కు, అంటే అక్షరాలు వరసగా పేర్చే చిన్న పట్టీ, కుడిచేత్తో ఏరడం. అక్షరాలు స్టిక్కులో తలకిందులుగా, అద్దంలో చూసినట్టు ఉంటాయి. వాటిని అలాగే చదవాలి. పత్రిక అచ్చయ్యాక ఆ అక్షరాలన్నీ విప్పి, కడిగి, తిరిగి ఎవరి గడిలో వాళ్ళను వేయాలి. దాన్ని డిస్ట్రిబ్యూషన్ అనేవాళ్ళు. మాలాంటి పిల్లలకు సెలవుల్లో అప్పజెప్పే పని అదే. నేను 'క'వత్తును 'త'వత్తు గడిలో వేసి తిట్లు తిన్నది ఆ గదిలోనే.

తిట్టిన మనిషిని మేం మౌసా అనేవాళ్ళం. ఒడియాలో పెద్ద వయసు మగవాళ్ళను పిల్లలు అలా పిలుస్తారు, మన బాబాయి లాగా. ఆయన ఒడియా మనిషి. ఆ తెలుగు పత్రికకు పెద్ద కంపోజిటరు ఆయనే. తెలుగు బాగానే మాట్లాడేవాడు, కానీ తెలుగు బడికి ఒక్కరోజు కూడా వెళ్ళలేదు. మన లిపిని ఆయన సీసంలోనే నేర్చుకున్నాడు. నేర్చుకున్నది తలకిందుల లిపి కాబట్టి, మామూలు కాగితం మీద తెలుగు చదవాలంటే కాస్త తడబడేవాడు. స్టిక్కులో ఉన్నదైతే గడగడా చదివేవాడు. నేను ఇది ఎంతోమందికి చెప్పాను, నమ్మరు. ఆ గదిలో ఉత్తరం గోడకు తెలుగు కేసులు, దక్షిణం గోడకు ఒడియా కేసులు ఉండేవి. మౌసా మధ్యలో నిలబడి అటు తిరిగితే ఒక భాష, ఇటు తిరిగితే ఇంకో భాష. ఒడియా అక్షరానికి పైన గొడుగు ఉంటుంది బాబూ, మీ అక్షరానికి తలకట్టు ఉంటుంది, రెండూ తలకాయ కాపాడుకునేవే అనేవాడు.

ఒడియా కేసులు ఎందుకంటే, బతకాలి కాబట్టి. పత్రిక చందాలతో కాగితం ఖర్చు కూడా వచ్చేది కాదు. ప్రెస్సును నిలబెట్టింది జాబ్ వర్కు. శుభలేఖలు, దుకాణాల బిల్లు పుస్తకాలు, సినిమా కరపత్రాలు, బడుల ప్రశ్నపత్రాలు. అందులో ఎక్కువ భాగం ఒడియా. వైశాఖంలో ఒడియా పెళ్ళిళ్ళ శుభలేఖలు వస్తేనే జ్యేష్ఠంలో తెలుగు పత్రిక బయటికి వచ్చేది. పెద్దతాత ఈ లెక్క ఎప్పుడూ దాచుకోలేదు, ఎవరడిగినా చెప్పేవాడు. ఇప్పుడు మనం ఆ మేడ ముందు తెలుగు పత్రిక వెలిగిన ఇల్లు అని చెక్కిస్తే, ఆ దీపంలో నూనె పోసిన వాళ్ళను చెరిపేసినట్టే. నా మొదటి అభ్యంతరం ఇది.

రెండోది ఇంకాస్త పాత సంగతి.

తెలుగు పత్రికల భాష విషయంలో మా ఊరికి ఉన్న హక్కు చిన్నది కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితంలో ముఖ్యభాగం ఇక్కడే గడిపారు, రాజావారి బడిలో, ఆ తరవాత కాలేజీలో పాఠాలు చెప్పారు. 1919లో 'తెలుగు' అనే మాసపత్రిక పెట్టి, జనం మాట్లాడే భాషలోనే రాయాలని వాదించారు. ఆయన శిష్యుడు తాపీ ధర్మారావుగారు 1887లో బరంపురంలో పుట్టారు, చదువుకుంది పర్లాకిమిడిలో. తరవాత మద్రాసు వెళ్ళి 'జనవాణి' పత్రికలో ఆ వాడుక భాషనే పెట్టి నడిపారు. ఇవాళ పొద్దున్నే మీరు చదివే ఏ తెలుగు దినపత్రిక భాషకైనా వేరు ఈ ఊరి తరగతి గదిలో తగులుతుంది. ఈ మాట చెప్పినప్పుడు నా ఛాతీ ఉప్పొంగుతుంది, అబద్ధమెందుకు.

అయితే 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. ఊరు, కోట ఒరిస్సాకు వెళ్ళాయి. జమీందారీలో పెద్ద భాగం మద్రాసు వైపే ఉండిపోయింది. గిడుగువారు ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. అప్పటికి ఆయనకు 72 ఏళ్ళు. మా ఇళ్ళలో ఇది ఇప్పటికీ ఎవరో చనిపోయిన రోజు చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు. నేనూ అలాగే విని పెరిగాను.

అదే రోజును మౌసా వాళ్ళ ఇంట్లో పండగలా చెప్పుకుంటారని నాకు పదిహేనేళ్ళు వచ్చేదాకా తెలియదు. ఒడిశా అంతటా ఏప్రిల్ 1 ఉత్కళ దివస్. మా ఇంటి దుఃఖం, నాలుగు వీధుల అవతల వాళ్ళ ఇంటి సంతోషం, రెండూ ఒకే తారీఖు. మరి వాళ్ళు దేనికి అంత సంతోషించారు? దీనికి సమాధానం బరంపురంలో ఉన్న మరో పత్రికలో దొరుకుతుంది.

1913లో శశిభూషణ్ రథ్ గారు బరంపురం నుంచి 'ఆశ' అనే ఒడియా వారపత్రిక మొదలుపెట్టారు. 1928లో అది దినపత్రిక అయింది. అప్పటికి గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక కొస. కచేరీల్లో, బడుల్లో తెలుగువాళ్ళదే పైచేయి. ఒడియా మాట్లాడేవాళ్ళు తమ అర్జీ తమ భాషలో పెట్టుకోవడానికి కూడా గొడవ పడాల్సి వచ్చింది. కటకంలో 1866 నుంచే గౌరీశంకర్ రే గారి 'ఉత్కళ దీపిక' ఉండేది. కానీ కటకం మొదట బెంగాలు కింద, 1912 నుంచి బీహారు-ఒరిస్సా కింద, గంజాం మాత్రం మద్రాసు కింద. బరంపురం వాళ్ళ బాధ బరంపురంలోనే అచ్చు కావాలి. మన మాట ఎవరికీ వినబడకుండా పోతుందేమో అన్న భయంతోనే వాళ్ళు ప్రెస్సు పెట్టుకున్నారు.

ఇది చదివినప్పుడు నాకు పెద్దతాత గుర్తొచ్చాడు. ఎందుకు తాతా ఈ నష్టాల పత్రిక అంటే, మనం ఇక్కడున్నామని ఎవడికో ఒకడికి తెలియాలి కదరా అనేవాడు. అక్షరం పొల్లుపోకుండా అదే భయం. 1936కు ముందు అది ఒడియా వాళ్ళది, తరవాత మనది. సరిహద్దు గీత జరిగింది, భయం చేతులు మారింది. కాబట్టి మా వీధిలో మేడా, బరంపురంలో ఆ పాత ఒడియా పత్రికా తోబుట్టువులు. ఒకదాని చరిత్ర తీసేసి రెండోదాని చరిత్ర చెబితే సగమే చెప్పినట్టు. సరిహద్దు ఊళ్ళో పత్రికాఫీసును భాష గొప్పదనానికి గుర్తుగా చూపించడం నాకు ఇష్టం లేదు. చిన్న గుంపుగా మిగిలిపోయినవాళ్ళు గొంతు పోకుండా కాపాడుకున్న చోటు అది. అలా చెబితే ఒడియా పిల్లవాడు కూడా ఆ గుమ్మం ముందు ఆగి చదువుతాడు, వాళ్ళ ముత్తాతలు కూడా ఇదే చేశారని తెలుసుకుంటాడు.

ఈ మాట ఫోన్లో చెబితే మా తెలుగు మాస్టారుకు కోపం వచ్చింది. ఆయన రిటైరై చాలా కాలమైంది. "బాబూ, మన పిల్లలకు తెలుగు చదవడం రావట్లేదు. తెలుగు బడికి మాస్టర్లు లేరు. ఇంకో ఇరవై ఏళ్ళు పోతే శుభలేఖ కూడా తెలుగులో వేయించుకునేవాడు ఉండడు. మిగిలిన ఒక్క ఇంటి మీద మనది అని రాసుకోవద్దా? మనం చెప్పుకోకపోతే ఎవరు చెబుతారు?" అన్నారు.

ఆయన మాటలో తప్పేమీ లేదు. ఆయన భయం నిజమైన భయం. మా అమ్మాయికే వాళ్ళ నాయనమ్మకు తెలుగులో ఉత్తరం రాయడం రాదు, ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొడుతుంది. రాత్రుళ్ళు నాకూ ఆ టెన్షన్ ఉంటుంది. అయినా మాస్టారూ, మన అని ఒక్కమాట రాసుకుంటే ఆ భయం తీరదు. ఆ మేడలో అచ్చయిన తెలుగులో ఒక్క పేజీ కూడా ఇవాళ మన దగ్గర లేకపోతే, రాయి మీద ఏం చెక్కించుకుంటాం?

నిజంగా లేదు. చప్పట్లు కొట్టిన ఆ రోజు అక్కడున్న నలభైమందిలో ఎవరింట్లోనైనా ఒక్క సంచిక ఉందా అని తరవాత ఒక్కొక్కరినీ అడిగాను. లేదు. కొన్ని చెదలు తిన్నాయి, కొన్ని పొట్లాలు కట్టడానికి పోయాయి, కొన్ని ఇల్లు మారినప్పుడు తూకానికి వెళ్ళాయి. పెద్దతాత పోయాక, కంప్యూటరు మీద అక్షరాలు కూర్చే డీటీపీ వచ్చాక, సీసం అక్షరాలను కూడా కిలోల లెక్కన అమ్మేశారు. నేనప్పుడు చదువుకోసం వేరే ఊళ్ళో ఉన్నాను. సెలవులకు వచ్చి చూస్తే గళ్ళన్నీ ఖాళీ. ఎవరినీ తప్పు పట్టను. అప్పుడు అది తుక్కు అని అందరం అనుకున్నాం.

పత్రిక మాత్రం సీసం అమ్మకముందే నీరసించిపోయింది. 1974లో 'ఈనాడు' విశాఖపట్నం నుంచి మొదలయ్యాక, ఆ రోజు వార్తలు ఆ రోజే బస్సులో దిగడం అలవాటైంది. వారానికి ఒకసారి వచ్చే నాలుగు పేజీల కోసం ఎవరు ఎదురుచూస్తారు? ఆ తరవాత పత్రికల్లో జిల్లా పేజీలు వచ్చాయి. జిల్లా పేజీ జిల్లా గీత దగ్గర ఆగిపోతుంది. పాతపట్నంలో కుళాయి పాడైతే తెలుగు పత్రికలో వచ్చేది, మా వీధిలో పాడైతే ఎక్కడా వచ్చేది కాదు. ఆ కుళాయి గురించి రాయడానికే పెద్దతాత పత్రిక నడిపాడు.

ఇంకొక సంగతి ఉంది. రెండు గోడలకు రెండు భాషల కేసులు ఉండేవన్నాను. మూడో భాషకు కేసు లేదు. సంతరోజున కొండల మీంచి సవరలు దిగేవాళ్ళు. అటవీ శాఖ మీదో, షావుకారు మీదో అర్జీ కావాలంటే ప్రెస్సుకే వచ్చేవాళ్ళు. వాళ్ళు సవరలో చెబితే, తెలిసిన ఎవరో తెలుగులోకో ఒడియాలోకో మార్చి చెప్పేవాళ్ళు, అది రాసి ఇచ్చేవాళ్ళు. గిడుగువారు అంత శ్రమపడి సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు రాసిన ఊరు ఇది. ఒరిస్సా ఏర్పడిన ఆ 1936లోనే మంగేయి గొమాంగొ గారు సవర భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి తయారుచేశారు. ఆ లిపిలో ఒక్క అక్షరం కూడా మా ప్రెస్సులో లేదు. వినబడకుండా పోతామన్న భయం మన రెండు భాషల వాళ్ళకే ఉందనుకున్నాం. ఆ గుమ్మం ముందు గంటలకొద్దీ చేతులు కట్టుకుని నిలబడినవాళ్ళ భయం మనకు పట్టలేదు. మేడ చరిత్ర రాస్తే ఇది కూడా రాయాలి. ఇది రాయడం కష్టంగా ఉన్నా రాయాలి.

అందుకే నేను అడిగేది ఇది. రాతిపలక డబ్బుతో ముందు సంచికలు వెతుకుదాం. చట్టం ప్రకారం పత్రిక కాపీలు ప్రభుత్వానికి అందేవి కాబట్టి పాత కచేరీ రికార్డుల్లో చూడాలి. డిక్లరేషన్లు ఏ మేజిస్ట్రేటు కోర్టు బీరువాలోనైనా ఉండవచ్చు. గజపతి జిల్లా 1992లో ఏర్పడింది, అంతకుముందు మాది గంజాం జిల్లాయే, కాబట్టి ఛత్రపురం కలెక్టరేటులో కూడా అడగాలి. ఒడియా ఇళ్ళలో అడగాలి. పాత శుభలేఖలు దాచుకునేవాళ్ళు ఉంటారు, వాటి అడుగున కూడా ప్రెస్సు పేరు ఉంటుంది. దొరికినవన్నీ ఫోటో తీసి ఒకచోట పెడదాం. మేడ నిలబడితే సంతోషమే, నా వంతు చందా నేనిస్తాను. నిలబడకపోయినా కాగితం మిగులుతుంది.

ఈ వెతుకులాట నేను మొదలుపెట్టాను కూడా. పోయిన నెల మౌసా వాళ్ళింటికి వెళ్ళాను. మౌసా లేడు, పోయి చాలా ఏళ్ళయింది. వాళ్ళ అమ్మాయి ఉంది, నాకంటే పెద్దది, అపా అని పిలుస్తాను. సంచికలు ఏమీ లేవని చెప్పింది. మాట్లాడుతూ మాట్లాడుతూ తన పెళ్ళికి నాన్న ఇచ్చిన రేకు పెట్టె చూపించింది. మూత తెరిస్తే లోపలి వైపు గంజితో అంటించిన కాగితం ఉంది. ప్రెస్సులో సిరా సరిగ్గా పడుతోందో లేదో చూసుకోవడానికి పాడైన కాగితాన్నే మళ్ళీ మళ్ళీ మెషిన్లో పెట్టి తీస్తారు. అలాంటి కాగితం అది. కింద మా పత్రిక ఆఖరి పేజీ, తెలుగులో. దాని మీద అడ్డంగా ఒడియా శుభలేఖ, ఎవరిదో తెలియదు. రెండూ కలిసిపోయి ఏదీ పూర్తిగా చదవలేం. గొడుగుల మధ్య తలకట్లు, తలకట్ల మీద గొడుగులు. నేను వంగి అడుగు భాగం చూశాను. అక్కడ శుభలేఖ పడలేదు. చిన్న అక్షరాల్లో మా వీధి పేరు ఉంది.

చింపకుండా తీయడం కుదరదు. అపా కాసేపు ఆలోచించి, అందులో చీరలన్నీ తీసి మంచం మీద పెట్టింది. వచ్చే సమావేశానికి పెట్టె పట్టుకెళ్ళు, సాయంత్రానికి మళ్ళీ తెచ్చి నా ఇంట్లో పెట్టు అంది. ఆటోకి చెప్పాను.